పెద్ద జాతి కుక్కపిల్ల కుంటుతుంటే: పచ్చి మాంసం పెట్టేవాళ్ళు ఏం చేయాలి, ఏం చేయకూడదు

"ఏడు నెలల జర్మన్ షెపర్డ్ అండీ, నిన్న సాయంత్రం దాకా ఇల్లంతా పరుగులు పెట్టింది, పొద్దున లేచేసరికి ముందు కాలు నేలకి ఆనించడం లేదు. మేం పచ్చి మాంసమే పెడుతున్నాం, దానివల్లేనా? మానేయాలా? కాల్షియం ఏమైనా వేయాలా?" నన్ను అడిగేవాళ్ళలో జాతి మారుతుంది, కాలు మారుతుంది, మిగతా ప్రశ్న అంతా ఇదే. అందుకని ఒక్కసారి అంతా వరుసగా రాసి పెడుతున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను, తొందరలో ఉన్నవాళ్ళకి. ఈ రెండు రోజుల్లో తిండి రకం మార్చకండి (ఇప్పటిదాకా ఎముక లేని ఉత్త మాంసమే పెట్టి ఉంటే మాత్రం 8వ భాగం చివర చూడండి), విడిగా కాల్షియం అస్సలు వేయకండి, పిల్లని పరిగెత్తనివ్వకండి, ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర ఇవ్వకండి. ఆ తర్వాత కింద ఉన్నట్టు చూసుకుంటూ రండి.

పెరుగుదల నొప్పులు అని మనం అనేది ఎక్కువగా పానోస్టియైటిస్ గురించి, క్లుప్తంగా పానో అంటారు. పొడవాటి ఎముకల లోపల, మూలుగ ఉండే చోట వచ్చే వాపు అది. సాధారణంగా 5 నుంచి 18 నెలల మధ్య, పెద్ద జాతుల్లో, ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువ, అందులోనూ జర్మన్ షెపర్డ్‌లలో మరీ ఎక్కువ. ఎందుకు వస్తుందో ఇంకా తేలలేదు. పచ్చి మాంసం తినే పిల్లలకీ వస్తుంది, ప్యాకెట్ తిండి తినే పిల్లలకీ వస్తుంది. ఇవాళ ఒక కాలు, పది రోజుల తర్వాత ఇంకో కాలు అన్నట్టు తిరుగుతూ ఉంటుంది, తనంతట తానే తగ్గిపోతుంది. అసలు భయం పానో గురించి కాదు. పానో అనుకుని వదిలేసిన ఇంకో జబ్బు గురించి, పానో చూసి కంగారులో మనం తిండిలో చేసే మార్పుల గురించి.

కావలసినవి

- గ్రాముల్లో చూపించే వంటింటి తూకం. ఇది లేకుండా పెద్ద జాతి పిల్లకి పచ్చి తిండి పెట్టొద్దనే నేను చెబుతాను.
- పిల్ల బరువు చూడటానికి ఏదైనా తూకం. మీరు ఎత్తుకుని నిలబడి, మీ బరువు తీసేసినా చాలు.
- మలద్వారం దగ్గర పెట్టి చూసే డిజిటల్ థర్మామీటర్, కొంచెం వాజెలిన్.
- వీడియో తీయడానికి ఫోన్, రాసుకోవడానికి ఒక నోట్‌బుక్.
- జారని చాపలు లేదా రబ్బరు మ్యాట్లు.
- బోన్ మీల్, అంటే తినే రకం ఎముక పొడి. లేబుల్ మీద కాల్షియం శాతం, ఫాస్ఫరస్ శాతం రెండూ రాసి ఉన్నదే తీసుకోండి. మొక్కలకి వేసే రకం వద్దే వద్దు.

1. మొదటి రోజు: ఆపండి, వీడియో తీయండి

పిల్లని తాడుతో పట్టుకుని గట్టి నేల మీద మెల్లగా నడిపించండి. ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి తలా 20 సెకన్లు వీడియో తీయండి. వెట్ (పశువుల డాక్టర్) దగ్గరికి వెళ్ళేసరికి చాలా పిల్లలు ఉత్సాహంలో కుంటడం మానేస్తాయి, అప్పుడు ఈ వీడియోనే మీ సాక్ష్యం. ముందు కాలు నొప్పి అయితే ఆ కాలు ఆనినప్పుడు తల పైకి లేస్తుంది, బాగున్న కాలు ఆనినప్పుడు కిందికి దిగుతుంది. వెనక కాలు నొప్పి అయితే నడుము భాగం ఒక పక్క ఎక్కువగా ఎగిరినట్టు కనిపిస్తుంది.

జ్వరం కూడా చూడండి. మామూలుగా 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. పానోలో కొద్దిగా పెరగొచ్చు. 39.5 దాటితే ఇంట్లో కూర్చోవద్దు.

2. నొప్పి ఎక్కడుందో చేత్తో వెతకండి

పిల్ల పడుకుని, ప్రశాంతంగా ఉన్నప్పుడు చేయండి. బాగున్న కాలితో మొదలుపెట్టండి, ఈ ఒక్క విషయం చాలామంది మర్చిపోతారు. నొప్పి కాలితో మొదలుపెడితే మిగతా మూడు కాళ్ళు ముట్టనివ్వదు.

కండని పక్కకి జరిపి, బొటనవేలితో ఎముక మధ్య భాగాన్ని నెమ్మదిగా నొక్కండి. ముందు కాలిలో జబ్బ ఎముక, దాని కింద ముంగాలి ఎముకలు రెండు. వెనక కాలిలో తొడ ఎముక, దాని కింద పిక్క ఎముక. తర్వాత కీళ్ళు విడివిడిగా వంచి, చాచి చూడండి. ఎముక మధ్యలో నొక్కితే నొప్పి, కీలు వంచితే మామూలుగా ఉంటే అది పానో వైపు చూపిస్తుంది.

నొప్పి అంటే అరుపు కోసం ఎదురుచూడకండి. మా వాడికి ఎడమ ముంగాలు మీద వేలు పెట్టినప్పుడు అరవలేదు. అప్పటిదాకా నాలుక బయటపెట్టి రొప్పుతున్నవాడు నోరు మూసేసి, ఊపిరి బిగబట్టి, నా చేతి వైపు చూశాడు, అంతే. వేలు తీశాక పెదాలు నాక్కున్నాడు. రెండోసారి అక్కడే నొక్కినప్పుడు కాలు మెల్లగా లాక్కున్నాడు. అదే చోట రెండుసార్లు అదే స్పందన వస్తే నమ్మండి, మూడోసారి నొక్కకండి.

3. పానో కానివి ఏమిటో తెలుసుకోండి

ఇక్కడ కాస్త ఆగి చదవండి, ఇదే అన్నిటికంటే ముఖ్యం.

కీలుకి కొంచెం పైన, ముఖ్యంగా మణికట్టు దగ్గర, వాపు, వేడి, ముట్టనివ్వకపోవడం, జ్వరం, లేచి నిలబడలేకపోవడం ఉంటే అది హైపర్‌ట్రోఫిక్ ఆస్టియోడిస్ట్రఫీ అనే జబ్బు కావచ్చు. 2 నుంచి 7 నెలల పిల్లల్లో వస్తుంది, గ్రేట్ డేన్‌లలో, వైమరానర్‌లలో ఎక్కువ. జ్వరం 41 డిగ్రీల దాకా పోవచ్చు. అదే రోజు వెట్ దగ్గరికి వెళ్ళాలి. విటమిన్ సి ఇస్తే తగ్గుతుందన్న మాట విని ఆలస్యం చేయకండి, దానివల్ల ఉపయోగం లేదు.

ఎప్పుడూ ఒకే కాలు కుంటుతూ, ఆట తర్వాత పెరుగుతూ, రెండు వారాలు దాటినా పోకపోతే అది కీలులో సమస్య కావచ్చు. 4 నుంచి 8 నెలల మధ్య భుజం కీలులో మృదులాస్థి (మెత్తటి ఎముక) ఊడే ఓసీడీ, మోచేయి కీలు సరిగ్గా అమరకపోవడం, ఇలాంటివి. వెనక కాళ్ళు రెండూ కలిపి కుందేలులా గెంతుతూ పరిగెడితే తుంటి కీలు చూపించండి.

పచ్చి మాంసం పెట్టేవాళ్ళు ప్రత్యేకంగా చూడాల్సింది ఇంకొకటి ఉంది. ఎముక లేకుండా ఉత్త మాంసం పెడుతూ వచ్చిన పిల్ల నడవడానికి ఇష్టపడకపోవడం, కాళ్ళు వంగినట్టు ఉండటం, పాదాలు చదునుగా పరుచుకోవడం, చిన్న గెంతుకే ఎముక విరగడం. ఇది కాల్షియం లేక శరీరం ఎముకల్లోంచే కాల్షియం లాక్కోవడం వల్ల వస్తుంది. పానో అనుకుని విశ్రాంతి ఇస్తే తగ్గదు. ఆ పిల్లని జాగ్రత్తగా మోసుకుని తీసుకెళ్ళండి, ఎందుకంటే ఎముకలు గుల్లగా ఉంటాయి.

పిడుదులు పట్టిన పిల్ల అయితే వాటివల్ల వచ్చే జ్వరాల్లో కూడా కాళ్ళు మారి మారి కుంటుతుంది, రక్తపరీక్ష అడగండి.

ఎక్స్‌రే గురించి ఒక మాట. పానో మొదలైన కొత్తలో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు. ఏమీ లేదన్నారని టెన్షన్ పడకండి, ఏమీ లేదన్నారు కదా అని పరుగులకి వదిలేయకండి. నొప్పి ఉంటే 7 నుంచి 10 రోజుల తర్వాత మళ్ళీ తీస్తే ఎముక లోపల తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. మచ్చలు ఎక్కువగా ఉంటే నొప్పి ఎక్కువ అని కూడా లేదు.

4. నొప్పి ఉన్న రోజుల్లో

- తాడు మీద 5 నుంచి 10 నిమిషాల నడక, రోజుకి మూడు నాలుగుసార్లు, కాలకృత్యాలకి మాత్రమే. బంతి విసరడం, మెట్లు, సోఫా మీద నుంచి దూకడం ఆపేయండి.
- నున్నటి గచ్చు మీద మ్యాట్లు పరవండి. గోళ్ళు పెరిగి ఉంటే కత్తిరించండి.
- కదలిక తగ్గింది కాబట్టి తిండి 10 శాతం తగ్గించండి. నొప్పిగా ఉందని జాలిపడి ఎక్కువ పెట్టడం చాలా ఇళ్ళలో చూశాను. పెరిగే బరువంతా ఆ కాళ్ళే మోయాలి.
- నొప్పి మందు వెట్ రాసిందే, రాసిన మోతాదే, తిండితో పాటే. మనుషుల ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, పారాసిటమాల్ ఇవ్వకండి, కడుపులో పుండ్లు, కిడ్నీ, లివర్ దెబ్బతినడం దాకా పోతుంది. స్టెరాయిడ్, నొప్పి మందు రెండూ ఒకేసారి నడవకూడదు, ఇదివరకు ఏ ఇంజెక్షన్ వేయించారో వెట్‌కి తప్పకుండా చెప్పండి.

మందు వేశాక పిల్ల హుషారుగా కనిపిస్తుంది. అది నొప్పి తెలియక, తగ్గి కాదు. ఆ హుషారు చూసి పార్కులో వదిలితే మర్నాడు మొదటికొస్తుంది.

5. గిన్నెలో కాల్షియం ఎంతుందో లెక్క కట్టండి

ఇప్పుడు తిండి సంగతి. పెద్ద జాతి పిల్లలకి తక్కువ కాల్షియం ఎంత ప్రమాదమో, ఎక్కువ కాల్షియం అంతే ప్రమాదం. పూర్తిగా ఎదిగిన కుక్కలో, ఒంటికి అక్కర్లేని కాల్షియాన్ని పేగు చాలావరకు లోపలికి రానివ్వదు. ఆరు నెలల లోపు పిల్లకి ఆ అదుపు ఇంకా కుదరదు, తిన్నదాంట్లో పెద్ద భాగం ఒంటికి పట్టేస్తుంది, కావాలన్నా వద్దన్నా. 1980ల్లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో గ్రేట్ డేన్ పిల్లలకి ఎక్కువ కాల్షియం పెట్టి చూసినప్పుడు ఎముకలు, మృదులాస్థి సరిగ్గా ఎదగక కుంటు వచ్చింది. మాంసకృత్తుల వల్ల ఎముకలు పాడవుతాయన్న మాట కూడా గ్రేట్ డేన్‌ల మీదే పరీక్షించారు, అది నిలబడలేదు. కాబట్టి మాంసం తగ్గించి అన్నం కలపడం దీనికి మందు కాదు.

పెద్దయ్యాక 70 పౌండ్లు, అంటే దాదాపు 32 కిలోలు దాటే పిల్లలకి అమెరికా పశు ఆహార ప్రమాణాల సంస్థ ఆఫ్కో పెట్టిన హద్దులు ఇవి. ప్రతి 1000 కిలోకేలరీల తిండికి కాల్షియం 3 నుంచి 4.5 గ్రాములు, ఫాస్ఫరస్ 2.5 నుంచి 4 గ్రాములు. రెండింటి నిష్పత్తి 1.2:1 నుంచి 1.4:1 దగ్గర పెట్టుకుంటే నిశ్చింత.

ఒక ఉదాహరణ చేద్దాం. ఐదు నెలల పిల్ల, 20 కిలోలు.

క) శక్తి ఎంత కావాలి? ఫోన్ కాలిక్యులేటర్‌లో 20 × 20 × 20 = 8000. దానికి వర్గమూలం రెండుసార్లు కొట్టండి, 9.46 వస్తుంది. 70తో గుణిస్తే 662. నాలుగు నెలలు దాటిన పిల్లకి దాన్ని రెట్టింపు చేయండి, రోజుకి సుమారు 1320 కిలోకేలరీలు. నాలుగు నెలల లోపయితే మూడు రెట్లు. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే, తర్వాత పిల్ల ఒళ్ళు చూసి మార్చాలి.

ఖ) ఓ మోస్తరు కొవ్వున్న, ఎముక లేని మాంసం కిలోకి 1650 కిలోకేలరీలు అనుకుంటే రోజుకి 800 గ్రాములు.

గ) కావలసిన కాల్షియం 4 నుంచి 6 గ్రాములు. 800 గ్రాముల మాంసంలో ఉండేది 0.1 గ్రాము. ఫాస్ఫరస్ కావలసింది 3.3 నుంచి 5.3 గ్రాములు, మాంసంలో ఉండేది సుమారు 1.6 గ్రాములు.

ఘ) 28 శాతం కాల్షియం, 13 శాతం ఫాస్ఫరస్ ఉన్న బోన్ మీల్ 15 గ్రాములు కలపండి. కాల్షియం 4.3, ఫాస్ఫరస్ 3.55. నిష్పత్తి 1.2:1. రెండూ హద్దుల్లో ఉన్నాయి.

ఇప్పుడు అదే గిన్నెలో బోన్ మీల్ బదులు గుడ్డు పెంకు పొడి వేసి చూడండి, ఎందుకంటే అందరూ చెప్పేది అదే. పెంకులో 38 శాతం దాకా కాల్షియం ఉంటుంది, 11 గ్రాములు వేస్తే కాల్షియం సరిపోతుంది. కానీ పెంకులో ఫాస్ఫరస్ దాదాపు లేదు, మాంసంలోని 1.6 దగ్గరే ఆగిపోతుంది. నిష్పత్తి 2.7:1. పిల్లకి ఇది పనికిరాదు. ఎదిగిన కుక్కలకి గుడ్డు పెంకు సాయపడుతుందేమో కానీ, పెరిగే పెద్ద జాతి పిల్లకి ఎముక పొడే సరైనది. ఈ ఒక్క లెక్క తెలియకపోవడం వల్ల మంచి మనసుతో, ఖర్చు పెట్టి, రోజూ కష్టపడి తప్పు తిండి పెట్టేవాళ్ళు ఎంతమందో.

మీ పిల్ల బరువు, మీ బోన్ మీల్ శాతాలు వేసి ఇదే వరుసలో చేసుకోండి. పిల్ల పెరుగుతుంటే రెండు వారాలకోసారి మళ్ళీ చేయాలి.

6. అసలైన ఎముకలే పెట్టాలనుకుంటే

పెట్టొచ్చు, కానీ రెండు దార్లూ కలపకండి. ఎముకలున్న మాంసం పెట్టే రోజు బోన్ మీల్ వేయకూడదు.

కోడి తొడ, కాలు కలిసిన ముక్కలో దాదాపు 27 నుంచి 30 శాతం ఎముక, మెడలో 36 దాకా, రెక్కలో 46 దాకా అని లెక్క. మొత్తం తిండిలో ఎముక 10 నుంచి 12 శాతం దగ్గర ఉండాలి. అంటే గిన్నె నిండా మెడలు వేయడం తప్పు, మూడింట ఒక వంతు మెడలు, మిగతాది ఎముక లేని మాంసం అన్నట్టు ఉండాలి. కోడి వయసుని బట్టి ఎముకలో కాల్షియం మారుతుంది కాబట్టి నాకు తూచి వేసే పొడి మీదే నమ్మకం ఎక్కువ.

- ఉడికించిన, కాల్చిన ఎముక ఎప్పుడూ వద్దు, చీలికలై గుచ్చుకుంటుంది.
- పశువుల కాలి ఎముకలు పళ్ళు విరగ్గొడతాయి.
- మింగే అలవాటున్న పిల్లకి ఎముకలు మరపట్టించి పెట్టండి. తినేటప్పుడు మీరు దగ్గరే కూర్చోండి.
- గొంతు భాగం మాంసం రోజూ పెట్టకండి, థైరాయిడ్ గ్రంథి ముక్కలు అందులో ఉండిపోతే పిల్ల హార్మోన్లు తారుమారవుతాయి.

సరిపోయిందా లేదా మలం చెబుతుంది. తెల్లగా, సుద్దముక్కలా, పట్టుకుంటే పొడి రాలుతూ ఉంటే, పిల్ల ముక్కుతూ ఉంటే ఎముక ఎక్కువైంది. నల్లగా, జిగురుగా ఉంటే కార్జం లాంటి అవయవాలు ఎక్కువయ్యాయి. గోధుమరంగులో గట్టిగా, ఎత్తితే ఆకారం చెడకుండా ఉంటే బాగుంది. కానీ మలం బాగుందని కాల్షియం లెక్క సరిపోయిందని అనుకోకండి. ఉత్త మాంసం తినే పిల్ల మలం కూడా బాగానే ఉండొచ్చు.

7. మాంసం, ఎముక ఉంటే సరిపోదు

కార్జం మొత్తం తిండిలో 5 శాతం, ఇంకో 5 శాతం కిడ్నీ లాంటి వేరే అవయవం. కార్జం ఇష్టంగా తింటోందని పెంచకండి, విటమిన్ ఎ ఎక్కువైనా ఎముకలకే దెబ్బ. కాడ్ లివర్ ఆయిల్‌లో విటమిన్ ఎ, డి రెండూ ఉంటాయి, మామూలు ఫిష్ ఆయిల్ వేరు. పేరు దగ్గరగా ఉందని ఒకదాని బదులు ఒకటి వేసేస్తుంటారు, సీసా మీద చదివి వేయండి.

మాంసం 80, ఎముక 10, అవయవాలు 10 అన్న సూత్రం అందరికీ నోటికొచ్చు. ఆ గిన్నెలో జింక్, మాంగనీస్, అయోడిన్, విటమిన్ ఇ, డి తగ్గుతాయి. ఎదిగిన కుక్క కొన్నాళ్ళు తట్టుకుంటుంది, పిల్ల తట్టుకోలేదు. పెరిగే పిల్లల కోసం చేసిన విటమిన్, ఖనిజాల మిశ్రమం కలపండి, అందులో కాల్షియం ఉంటే పై లెక్కలో కలుపుకోండి. ఇంకా మంచిది, కుక్కల పోషణ తెలిసిన వెట్‌తో మీ పిల్లకే సరిపడా తిండి పట్టిక రాయించుకోండి. ఈ లెక్కలన్నీ వద్దనుకుంటే లేబుల్ మీద పెద్ద జాతి పిల్లల ఎదుగుదలకి సరిపోతుందని స్పష్టంగా రాసి ఉన్న తయారు ఆహారం కొనండి, అందులో తప్పేం లేదు, పిల్లకి కూడా ఏమీ లోటు కాదు.

8. శుభ్రత

అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ 2012లోనే కుక్కలకి, పిల్లులకి పచ్చి మాంసం వద్దంది. కారణం సాల్మొనెల్లా, లిస్టీరియా లాంటి సూక్ష్మజీవులు. పిల్లకి ఏమీ కాకపోయినా దాని నోటి నుంచి, మలం నుంచి మనకి అంటుకుంటాయి. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్ళు, కీమో లాంటి చికిత్సలో ఉన్నవాళ్ళు ఉంటే పచ్చిది పెట్టకండి. ఎముక లేని మాంసం ఉడికించి, చల్లారాక పై లెక్క ప్రకారం బోన్ మీల్, ఖనిజాల మిశ్రమం కలిపి పెట్టండి. ఎముకలకి కావాల్సింది లెక్క, పచ్చిదా ఉడికిందా అన్నది కాదు.

పచ్చిదే పెడితే: మాంసం ఫ్రిజ్ కింది అరలోనే కరగనివ్వండి, గిన్నెలో 20 నిమిషాలకి మించి వదలకండి, గిన్నె వేడినీళ్ళతో సబ్బుతో కడగండి, వేరే కత్తి, వేరే పలక వాడండి. డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 20 డిగ్రీల దగ్గర వారం ఉంచితే కొన్ని పరాన్నజీవులు చస్తాయి, బాక్టీరియా చావదు. పచ్చి పంది మాంసం వద్దు, ఆజెస్కీ అనే వైరస్ జబ్బు దానితోనే వస్తుంది, అది వచ్చిన కుక్క బతకదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు 7 నుంచి 10 రోజుల్లో కొద్దికొద్దిగా మార్చండి. పిల్ల కుంటుతున్న వారంలో మాత్రం మొదలుపెట్టకండి, ఆపకండి కూడా. ఏది దేనివల్ల జరిగిందో తర్వాత మీకే తెలియకుండా పోతుంది. ఒక్క మినహాయింపు, ఇప్పటిదాకా ఎముక లేని ఉత్త మాంసమే పెట్టి ఉంటే వెట్‌కి చెప్పి ఆ రోజే సరిచేయండి.

9. సన్నగా పెంచండి

ఇది చెబితే ఎవరికీ నచ్చదు. బొద్దుగా ఉన్న పిల్ల అందరికీ ముద్దు. కానీ పెద్ద జాతి పిల్ల మెల్లగా పెరగాలి, చివరికి వచ్చే ఎత్తు ఏమీ తగ్గదు, అక్కడికి చేరడం ఆలస్యమవుతుంది, అంతే. 48 లాబ్రడార్‌లని పిల్లలప్పటి నుంచి జీవితాంతం గమనించిన ఒక అధ్యయనం 2002లో అచ్చయింది. జతలుగా పెట్టి చూస్తే, జతలోని తోటి కుక్క కంటే 25 శాతం తక్కువ తిన్నవి దాదాపు 1.8 సంవత్సరాలు ఎక్కువ బతికాయి, కీళ్ళ అరుగుదల కూడా వాటికి ఆలస్యంగా వచ్చింది.

చేత్తో ఇలా చూడండి. మీ చేయి చాచి, రెండో చేతి వేళ్ళతో అరచేతి వెనక వైపు నిమరండి. పిల్ల పక్కటెముకల మీద నిమిరితే అలాగే తగలాలి. పిడికిలి బిగించినప్పుడు వేళ్ళ కణుపులు తగిలినట్టుంటే మరీ సన్నం. అరచేతి లోపలి మెత్తదనంలా ఉంటే బరువు ఎక్కువ. వారానికోసారి చూసి, తిండి 5 నుంచి 10 శాతం పెంచడమో తగ్గించడమో చేయండి. బొచ్చు ఎక్కువున్న జాతుల్ని కంటితో చూసి చెప్పలేం, చేయి పెట్టాల్సిందే.

10. పని చేస్తోందో లేదో

నోట్‌బుక్‌లో రోజుకి ఒక్క వరుస చాలు: ఏ కాలు, నొప్పి సున్నా నుంచి 5 దాకా ఎంత, జ్వరం, ఎంత తింది, మలం ఎలా ఉంది, మందు వేశారా. వారానికోసారి బరువు, పక్కటెముకల పరీక్ష, అదే నేల మీద అదే వెలుతురులో వీడియో.

పానో అయితే ఒక్కో విడత కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో తగ్గాలి. తగ్గాక ఇంకో కాలికి వస్తే అది మీ తిండి తప్పు వల్లే అనుకుని మళ్ళీ అంతా మార్చేయకండి, ఆ జబ్బు తీరే అంత. నాలుగైదు వారాల్లో విడతల మధ్య మంచి రోజులు పెరుగుతున్నాయా చూడండి. కుంటు లేకుండా వారం గడిచాక నడక రోజుకి 5 నిమిషాలు పెంచుతూ వెళ్ళండి, స్వేచ్ఛగా పరుగు ఆ తర్వాతే.

వెంటనే వెళ్ళాల్సినవి మళ్ళీ చెబుతున్నాను: 24 గంటలు దాటినా కాలు అస్సలు ఆనించకపోవడం, 39.5 దాటిన జ్వరం, కీళ్ళ దగ్గర వేడి వాపు, లేవలేకపోవడం, తిండి పూర్తిగా మానేయడం, ఎముక తిన్నాక వాంతులు లేదా ముక్కినా మలం రాకపోవడం.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

చెవులు నిలబడలేదని కాల్షియం సిరప్ పోయడం. నేను చేశాను ఇది. మా వాడికి ఐదో నెల, ఒక చెవి వాలిపోయి ఉంది, తెలిసినవాళ్ళు చెప్పారని ఎముకలున్న మాంసం పెడుతూనే పైన సిరప్ కూడా మూడు వారాలు పోశాను. చెవి మృదులాస్థి, పళ్ళు రాలి కొత్తవి వచ్చే రోజుల్లో ఎటూ వాలుతుంది, కాల్షియంతో దానికి పని లేదు. ఏడో నెలలో వాడు కుంటినప్పుడు వెట్ మొదట అడిగిన ప్రశ్న "కాల్షియం ఏమైనా ఇస్తున్నారా?" అనే. ఆ రోజు తలెత్తి జవాబు చెప్పలేకపోయాను. ఎక్స్‌రేలో పానో అని తేలింది, కీళ్ళు బాగున్నాయి, అది వాడి అదృష్టం.

ప్యాకెట్ తిండి మీద కాల్షియం పొడి చల్లడం. అందులో ఇప్పటికే లెక్క ప్రకారం ఉంటుంది.

తగ్గిందనగానే ఆ రోజే పాత ఆటలన్నీ మొదలుపెట్టడం.

ప్రతి కుంటునీ పానో అనుకోవడం. మొదటిసారి వెట్ చూసి పానో అన్నారు కదా అని, మూడు నెలల తర్వాత ఒకే కాలు నెల రోజులు కుంటినా చూపించకపోవడం. రెండూ ఒకే పిల్లకి ఉండొచ్చు.

పోయిన నెల లెక్క ఈ నెల కూడా వాడటం. 20 కిలోల పిల్ల లెక్క 27 కిలోల పిల్లకి సరిపోదు, బరువు పెరిగేకొద్దీ కిలోకి కావలసిన తిండి తగ్గుతూ వస్తుంది. పెద్దయ్యాక ఉండాల్సిన బరువులో 80 శాతం చేరాక ఆ రెట్టింపుని 1.6 నుంచి 1.8కి దించండి. పెద్ద జాతుల్లో ఎముకల చివర్లు మూసుకునేది 12 నుంచి 18 నెలల మధ్య, మరీ పెద్ద జాతుల్లో 24 దాకా పోవచ్చు. అప్పటిదాకా తూకం వంటింట్లోనే ఉండనివ్వండి.